ఎల్లారెడ్డి పెరటి మల్లెలు

సికింద్రాబాదునుండి నిజామాబాదునకు పోవు రైలుమార్గమున కామారెడ్డి యొక ముఖ్యమైన స్టేషను. 2016 అక్టోబరు 11వ తేదీని ఇది జిల్లాకేంద్రమైనది. బెల్లపు వర్తకమునకు పేరుపొందిన యీ పట్టణమునుండి ఎల్లారెడ్డికి నైరృతిదిశగా బస్సులో పోవలయును. మార్గశిరమాసపు ప్రాతఃకాలమున నీ ప్రయాణము మనోహరముగా నుండును. చెరువుగట్లపై మంచు తెరవలె వ్రేలాడుచుండును. కోసిన వరిమళ్లలో కొంగలు తిరుగాడుచుండును. చెరకుతోటలు గాలికి గలగలలాడుచుండును.

ఈ సీమకు మంజీర తల్లి. ఆ నదిపై 1923లో నారంభించి 1931లో ముగించిన నిజాంసాగరమును, ఎల్లారెడ్డికి మరియొక ప్రక్కనున్న పోచారము చెరువును చూడవచ్చువారు పెక్కండ్రు. కాని సోదరీమణులారా, నేను మీకు చూపదలచినది జలాశయము గాదు. ఎల్లారెడ్డి పెరటిలో నాకులన్నియు రాల్చబడి, మూరెడెత్తున మోడుగా నిలిచిన యొక మల్లెపొద.

ఆ పొదను చూచి, తెవులు సోకినదా యని ఆ యింటి ముసలమ్మ నడిగితిని. ఆమె నవ్వి, "తెవులు గాదమ్మా, నేనే కోసిన. జాలిపడి ఇడిసిపెడితే ఆకులే ఎక్కువైతయి, పువ్వులు తక్కువైతయి" అన్నది. ఆ పూలమ్మిన సొమ్ముతోనే మనుమరాలి బడిపుస్తకములు కొనవలెనట. కావున ఆమె చేతికత్తి కరుణలేనిది గాదు, ముందుచూపు గలది.

దీని మర్మము సులభమైనది. మల్లె క్రొత్తగా వెడలిన లేతరెమ్మలపైననే విరివిగా పూయును. ముదిరిన కొమ్మలనే పోషించుచున్నచో చెట్టు బలము వానికే వ్యయమగును. కావున కార్తికమాసమున నీరు తగ్గించి, క్రమముగా మాన్పి, చెట్టునకు విశ్రాంతి నీయవలెను. మార్గశిరమున పదునైన కత్తెరతో నేలనుండి మూరెడెత్తు విడిచి పైకొమ్మలను కత్తిరింపవలెను. ఎండినవి, తెగులు పట్టినవి, ఒకదానినొకటి రాచుకొనునవి మొదలంట తీసివేయవలెను. మిగిలిన యాకులను దూయవలెను. పాదును వేళ్లు తెగకుండ త్రవ్వి, కొలది దినములు ఎండసోకనిచ్చి, చివికిన పశువులయెరువు వేసి నీరు పెట్టవలెను. ఇంకను వేరూనని లేతమొక్కకు మాత్ర మింతటి కత్తిరింపు తగదు. ఇట్లు చేసినచో మాఘఫాల్గుణములలో మొగ్గ తొడిగి, చైత్రవైశాఖములందు పొద తెల్లబారును.

శీతలదేశములలో స్ట్రాబెర్రీ యను చిన్నపండ్ల మొక్కకు నిట్టి యుపచారమే చేయుదురు. కాని కారణము వేరు. పండ్లు ముగిసినపిమ్మట ముదురాకులను, నేలపై ప్రాకు తీగలను కోసి, నడిమి మొగ్గను మాత్రము గాయపడకుండ కాపాడి, చలికి గడ్డి కప్పుదురు. వారికి శీతకాలము గండము. మనకో, స్ట్రాబెర్రీకి సయితము చలికాలమే పంటకాలము. విశాఖ మన్యమునందలి లంబసింగి ప్రాంతమున నాదినములలోనే ఆ పండ్లు లభించును. అక్కడివారు మొక్క మరల క్రొత్తగా చిగిర్చుటకు ఆకులను కోసి, మంచునుండి దాచుటకు గడ్డి కప్పుదురు. మన యింతులు మల్లెను వేసవి పూతకు సిద్ధపరచుటకు కోయుదురు.

వెచ్చని నాట నుండి శీతలదేశపు తోటపుస్తకమును చదివి, మాసములను మార్చకయే యనుసరించుట తగదు. మన పంచాంగము, మన నేల, మన యింటి పెద్దలు చెప్పినదానిని కలిపి చూచుకొనవలెను. ఈ చలిదినములలో కామారెడ్డి సీమకు పోవుట తటస్థించినచో, చెరువులతోపాటు పెరళ్లను గూడ చూడుడు. మోడువారినట్లున్న పొదను జూచి జాలిపడకుడు. పాదులో ఎరువున్నదా, నీరున్నదా యని మాత్రము విచారింపుడు.