పెరంబూరు మేడమీద

చెన్నపట్నానికి ఉత్తరపు దిక్కున ఉన్న పెరంబూరును రైల్వే కార్ఖానాల పేటగానే మనలో చాలామంది ఎరుగుదురు. 1955లో రైలుపెట్టెల కర్మాగారం వచ్చిన తరువాత ఆ పేరు మరింత స్థిరపడింది. కాని అక్కడ ఇళ్ళ వరుసలకు పైన మరొక ఊరున్నది. అది పావురాల ఊరు. మేడలమీద కొయ్యగూళ్ళు, వాటి ముందు పక్షులు దిగే పలకలు, ఉదయం సాయంత్రం ఆకాశంలో చుట్లు తిరిగే గుంపులు.

ఆ ఊరిని చూడాలని మేము ఒక ఆదివారం మిత్రులొకరి ఇంటికి వెళ్ళాము. వారు మూడు తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగువారు. ఇంట్లో తెలుగు, గూటి దగ్గర అరవం. జొన్నలను "సోళం" అంటేగాని తమ పావురాలకు తెలియదని వారి హాస్యం.

ఈ పందెపు పావురాలకు మన తెలుగుసీమతో సంబంధమున్నది. పందేలలో అనేకం ఉత్తరపు రైలుదారి వెంటనే జరుగుతాయి. పక్షులను బుట్టలలో పెట్టి నెల్లూరు, ఒంగోలు, బెజవాడ తీసుకుపోయి తెల్లవారగానే వదలుతారు. బెజవాడనుంచి చెన్నపట్నానికి ఆకాశమార్గాన సుమారు 380 కిలోమీటర్లు. గాలి అనుకూలిస్తే మంచి పక్షి ఐదారు గంటలలో ఇల్లు చేరుతుంది.

మేము వెళ్ళేసరికి ఇల్లంతా చిన్నబోయి ఉన్నది. బెజవాడలో వదలిన నీలివన్నె మగపక్షి నాలుగోనాటికి గాని రాలేదట. వచ్చి ఒక్క రాత్రి గడిచింది. వీపుమీద డేగ గోటి గాయం. ఒక రెక్కలో రెండు ఈకలు లేవు. మిత్రులు దానిని మా చేతిలో పెట్టారు. రొమ్ము ఎముక కత్తివాదరలాగా వేలికి తగిలింది.

మా మనసాగక గుప్పెడు మొక్కజొన్నలు తీశాము. మిత్రులు చేయి పట్టుకున్నారు.

"వద్దండీ! అలసిన కడుపు అది అరిగించుకోలేదు. మన జాలే దానికి ముప్పు."

వారి పద్ధతి వేరు. మొదట గోరువెచ్చని నీళ్ళలో కాస్త గ్లూకోజు, చిటికెడు ఉప్పు. తరువాత కొద్దిగా బియ్యం, సజ్జలు. అవి అరిగితేనే మరికొన్ని. బఠాణీలు, మొక్కజొన్నలు కొన్నాళ్ళు ఆగి, కొంచెం కొంచెంగా. గాయాన్ని ఉప్పునీటితో కడిగి, గుంపుకు దూరంగా సద్దులేని గూటిలో ఉంచారు. రోజూ రెట్టను చూస్తారు. పచ్చగా నీళ్ళలా ఉంటే కడుపు ఖాళీ అని. గట్టిపడి, పైన తెల్లని మచ్చ తేలితే తేరుకుంటున్నదని. నీరసించినప్పుడు గొంతులో, పేగులలో అణగి ఉన్న రోగాలు తలయెత్తుతాయి. అందుకని తోచిన మందు పోయక, 1903నుంచి వేపేరిలో ఉన్న పశువైద్య కళాశాలకు రెట్టను పరీక్షకు పంపారు.

వారి అబ్బాయికి తొందర. గూటిలో అంత దూరం ఎగిరిన పక్షి అదొక్కటే.

"నాన్నా, వచ్చేనెల ఒంగోలు పందేనికి వదలుదామా? దానికి దారి తెలుసుగా!"

"తెలుసు గనకనే వదిలితే బయలుదేరుతుందిరా. చేతకాదని అది చెప్పలేదు. మనమే తెలుసుకోవాలి."

అబ్బాయి ముఖం ముడుచుకుని మెట్లు దిగిపోయాడు. తండ్రిగారు పిలువలేదు.

మూడు వారాల తరువాత మళ్ళీ వెళ్ళాము. రొమ్ముమీద కండ నిండింది. ఊడిన ఈకల చోట కొత్త మొలకలు వచ్చాయి. ఈక పెరిగే రోజులలో పక్షి ఆకలిగొంటే దానిమీద గీత పడుతుందట. ఆ ఈక రాలేదాకా గీత చెరగదట. అందుకే ఇప్పుడూ తొందర పనికిరాదన్నారు.

ఆ మగపక్షి గుడ్లమీద కూర్చుని ఉన్నది. పావురాలలో పగటివేళ పొదిగేది మగదేనట. పదిహేడు, పద్దెనిమిది రోజులకు పిల్లలవుతాయి. మేము దగ్గరకు పోబోతే అబ్బాయి అడ్డం వచ్చాడు.

"నెమ్మదిగా, మామయ్యగారూ! బెదురుతుంది."

ఒంగోలు పందెం మాట మేమే అడిగాము.

"వేరేవాటిని పంపుతున్నాం. దీనికి ఈ ఏడు సెలవు," అన్నాడు, నీళ్ళ మూకుడు కడుగుతూ.