టేపు కింద వైరు

మా హాస్టల్లో ల్యాప్‌టాప్ ఛార్జర్ వైరు నిక్షేపంగా ఉన్నవాళ్ళు తక్కువ. కొందరిది అడాప్టర్ డబ్బా దగ్గర చిట్లుతుంది, కొందరిది పిన్ను దగ్గర. నాది పిన్నుకి రెండంగుళాల ఇవతల. పైతొక్క పగిలి రాగి పోగులు కనబడిన రోజే నల్ల టేపు చుట్టేశాను. మూడు నెలల్లో అది నాలుగు చుట్లయింది. వైరుని ఒక పక్కకి వంచి, కింద పెన్ను ఆనించి, కదలకుండా కూర్చుంటే ఛార్జింగ్ ఎక్కేది. అసైన్‌మెంట్లన్నీ అలాగే లాగించాను.

సంక్రాంతి సెలవులకి నరసరావుపేట వెళ్ళాక ఆ పెన్ను కూడా పనిచేయలేదు. ల్యాప్‌టాప్ నడుస్తోంది కానీ స్క్రీన్ మీద 'ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్' అని వస్తోంది. బ్యాటరీ 11 శాతం.

మా నాన్నకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు, ఫ్యాన్లు వస్తుంటాయి. చిన్నప్పుడు నేను ఆ బల్ల దగ్గరికి వెళ్తే "నీకెందుకురా ఈ పని, పోయి చదూకో" అని పంపేసేవాడు. నేనూ మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళింది కూడా కొత్త ఛార్జర్‌కి డబ్బులడగడానికే.

నాన్న వైరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎప్పట్నుంచి ఇట్టా ఉంది?"

"మొన్నట్నుంచే."

టేపు ఒక్కో చుట్టూ విప్పాడు. అడుగు చుట్టు జిగురు ఎండిపోయి పొడిలా రాలింది. "ఇది మొన్నటి టేపు కాదులే" అన్నాడు. లోపల తొక్క గోధుమ రంగుకి మాడి ఉంది. "పోగులు తెగేకొద్దీ మిగిలినయ్యి వేడెక్కుతయ్యి. టేపు ఏసి దాస్తే ఆగుద్దా?"

అడాప్టర్ మీద 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అని రాసుంది. తెగిన చోట అర ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకున్నా, ఐ స్క్వేర్ ఆర్ లెక్కన ఐదున్నర వాట్ల వేడి. ఆ ఫార్ములా నాకు నోటికొచ్చు. ఆ వేడి మూడు నెలలు నా పరుపు మీదే ఉందన్న సంగతే తట్టలేదు.

కొత్తది కొనలేదు. ప్లగ్ పీకేసి, పాడైన ముక్కని రెండు వైపులా కోసేశాం. డబ్బా జోలికి మాత్రం పోవద్దన్నాడు. 230 వోల్టుల ఏసీ లోపలికెళ్ళాక కెపాసిటర్ దగ్గర సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్ తీశాక కూడా అది కాసేపు ఉండొచ్చు.

వైరు లోపల చుట్టూ జడలా అల్లిన నెగటివ్, మధ్యలో తొడుగున్న పాజిటివ్, ఇంకో సన్నటి తీగ ఉన్నాయి. ఆ మూడోది ఏంటో నాన్నకి తెలియలేదు. "అది పవర్‌కి కాదు నాన్నా. ఈ అడాప్టర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి చెప్పేది. అది తెగితే ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ ఎక్కదు" అన్నాను. "అయితే ఇది మాటలు మోసే తీగన్నమాట" అని ఐరన్ నా చేతికిచ్చాడు.

మొదటి అతుకు పెట్టాను. "స్లీవేదిరా?" అన్నాడు. టంకం పెట్టాక స్లీవు ఎక్కించలేం, ముందే తొడగాలి. మళ్ళీ విప్పాను. టంకం మీద కాదు, తీగ మీద ఐరన్ ఆనించాలి. తీగ వేడెక్కితే టంకం పోగుల్లోకి పాకుతుంది, లేకపోతే పైన ముద్దలా ఉండిపోతుంది. మూడు అతుకులూ ఒకే చోట పడకుండా తీగల్ని ముందూ వెనకా కోశాం. స్లీవులు వేడికి ముడుచుకుని బిగిశాయి.

ఆయన మల్టీమీటర్ వెతుకుతున్నప్పుడు, ఎందుకో, నోట్లోంచి వచ్చేసింది.

"నాన్నా, ఫస్టియర్‌ది ఒక సబ్జెక్ట్ ఉండిపోయింది."

"ఏది?"

"బేసిక్ ఎలక్ట్రికల్."

మీటర్ బల్ల మీద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "ఇదీ మొన్నట్నుంచేనా?"

"కాదు. ఆర్నెల్లయింది."

ఏమీ అనలేదు. ఒక్కో తీగా ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాం, మూడూ బీప్ అన్నాయి. ఒకదానికొకటి తగలట్లేదని చూసుకున్నాం. ప్లగ్ పెడితే 19.5 చూపించింది. బ్యాటరీ ఎక్కడం మొదలైంది. షట్టర్ దించుతూ "రేపు పొద్దున్నే షాపుకి రా. పుస్తకం కూడా తెచ్చుకో" అన్నాడు.

మర్నాడు ఒక సీలింగ్ ఫ్యాన్ విప్పి స్టార్టింగ్, రన్నింగ్ వైండింగులు చూపించాడు. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తను ఎందుకు తిరగడం మొదలెట్టదో, కెపాసిటర్ ఎందుకు కావాలో చేత్తో పట్టుకుని చెప్పాడు. అది నేను పరీక్షలో వదిలేసిన ప్రశ్నే.

మీ వైరు కూడా ఒకసారి చూసుకోండి. టైప్-సి అయితే అతకొద్దు, లోపల సన్న తీగలు చాలా ఉంటాయి, మార్చేయండి. వైరు వేడిగా తగిలితే ఆ రోజే ఆపేయండి.

నా సప్లీ వచ్చే నెల. పాసవుతానో లేదో తెలీదు, కానీ ఈసారి రిజల్ట్ వచ్చిన రోజే ఇంటికి ఫోన్ చేస్తాను. ఛార్జర్ బాగా పనిచేస్తోంది. కోసిన ముక్క మేరకి వైరు కాస్త పొట్టిదైంది, అంతే.