నీళ్ళు తాగని నేల

నువ్వులనూనె పట్టించిన తలమీద ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా జారిపోవునే గాని వెంట్రుక తడవదు. శీకాయపొడి పడిన తరువాతనే నీళ్ళకు దారి. ఇది మన ఇళ్ళలో తలంటు ఎరిగిన ప్రతివారికీ తెలుసు. నేలకు కూడా అటువంటి జిడ్డు పట్టునంటే రేగడిలో పత్తి పండించిన మన పెద్దలు నవ్వేవారు. మేము కళ్ళారా చూచినాము గనుక వ్రాస్తున్నాము.

కోయంబత్తూరులో మేము గుమాస్తాగా ఉన్న ఆఫీసు ముందు లారీలతో ఇసుక తోలించి పచ్చిక వేయించినారు. రెండు వేసవులు గడిచేసరికి అక్కడక్కడ చాపలంత మేర గడ్డి మాడిపోయినది. ట్యాంకరు నీళ్ళ లెక్క వ్రాసేది మేమే. అందులో తక్కువేమీ లేదు. మరి నీళ్ళేమైనవి? తోటమాలి బయట అమ్ముకుంటున్నాడని మాట పుట్టినది. ఆయన అరవై దాటిన మనిషి, మన తెలుగువాడే. ఆయనను మాన్పించే కాగితం టైపు కొరకు మా బల్లమీదికే వచ్చినది.

విషయం చెవిని పడి ఆయన మమ్ములను బయటికి పిలుచుకొనిపోయినాడు. మాడిన చోట గడ్డి పెరికి, పొడి మన్ను అరచేత పట్టి, "చూడండి సామీ" అని ఒక చుక్క నీళ్ళు వేసినాడు. చుక్క తామరాకుమీద వలె గుండ్రంగా నిలిచినది. అయిదు సెకండ్లు దాటి నిలిస్తే అది నీటిని తోసివేసే మన్నని శాస్త్రజ్ఞుల కొలత. ఇక్కడ రెండు నిమిషాలైనా ఇంకలేదు. పోసిన నీళ్ళలో చాలా భాగం వాలువెంట సిమెంటు కాలువలోకి పోతున్నది!

వేళ్ళూ ఆకులూ కుళ్ళినప్పుడు, బూజు పెరిగినప్పుడు పుట్టే మైనంవంటి పదార్థం ఇసుకరేణువులకు పూతవలె అంటుకొంటుంది. తడి ఉన్నంతకాలం తెలియదు, బాగా ఎండితే బయటపడుతుంది. ఇసుకరేణువు లావు గనుక కొద్ది మైనమే చాలు. రేగడిలో రేణువులు అతి సన్నం, అన్నిటికీ పూత పట్టడం కష్టం. అమెరికాలో ష్రైనర్, షోరీ అనువారు కాలిఫోర్నియాలోని ఇటువంటి నేలను గురించి 1910లోనే వ్రాసినారు. పడమటి ఆస్ట్రేలియా ఇసుకనేలల రైతులకు ఇది నేటికీ తలనొప్పే.

దీనికి మందు వెట్టింగ్ ఏజెంటు. దాని అణువులో ఒక కొనకు నీటితో, మరొక కొనకు జిడ్డుతో స్నేహం. శీకాయ గుణమూ ఇదే. అమెరికా గోల్ఫు మైదానాలలో 1950ల నుండి వాడుతున్నారు. మేము కాగితం టైపు చేయక అధికారిని వెంటబెట్టుకొనిపోయి ఆ చుక్కను చూపించినాము. ఆయన కూడా గడియారం చూచి, ఏమీ మాటాడక, మందు తెప్పించినారు. ఇనుపచువ్వలతో రంధ్రాలు పొడిచి, మందు నీళ్ళలో కలిపి చల్లి, వెంటనే మరికొన్ని నీళ్ళు పెట్టి లోపలికి దింపినారు. కొన్ని వారాలకు చిగురు కనిపించినది. మందు మైనాన్ని పోగొట్టదు, నీటికి దారి మాత్రం చేస్తుంది. కొన్ని నెలలకు మళ్ళీ చల్లవలసినదే. ఖర్చు తగ్గునని గిన్నెలు తోమే సబ్బు పోసేవారున్నారు. దానివల్ల గడ్డి మాడవచ్చును.

వీధికుళాయి దగ్గర బిందెలు వరుస కట్టే ఊరిలో ఇంత పచ్చిక ఎందుకని మాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తున్నది. తోటమాలి పనిలోనే ఉన్నాడు. ఆ మాట పుట్టించినవారు మాత్రం ఇంతవరకు ఆయనతో ఏమీ అనలేదు.