హడ్సన్ రైల్లో పెళ్ళి కాంట్రాక్టులు

న్యూయార్క్ పెన్ స్టేషన్ నుంచి ఉత్తరానికి వెళ్ళే ఆమ్‌ట్రాక్ రైలెక్కితే ఎడమవైపు కిటికీ దగ్గర చోటు చూసుకోవాలి. నగరం దాటగానే హడ్సన్ నది పట్టాల పక్కకి వచ్చేస్తుంది, ఇక సుమారు రెండు గంటలు మనతోనే ఉంటుంది. అవతలి ఒడ్డున వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ రాతి భవనాలు, నది మధ్య చిన్న లంకలో శిథిలమైన బానర్‌మన్ కోట, ఇంకాస్త పైకి వెళ్తే నీలంగా కాట్‌స్కిల్ కొండలు. పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్ళకి గోదావరి గుర్తు రాక మానదు.

అక్టోబరులో ఆకులు ఎర్రబడినప్పుడు మేం నలుగురం వెళ్ళాం: అక్క, బావగారు, పెళ్ళికూతురు, నేను. మగపెళ్ళివారు ఆల్బనీలో ఉంటారు. మావాళ్ళంతా న్యూజెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కల. రెండు ఊళ్ళకీ మధ్యన హడ్సన్ దగ్గర ఒక పాత ధాన్యపు కొట్టాన్ని పెళ్ళిళ్ళకి ఇస్తారని అమ్మాయి చూసి ముచ్చటపడింది. అక్క మనసు మాత్రం ఎడిసన్‌లోనే ఉంది. ఓక్ ట్రీ రోడ్డులో చీరలూ నగలూ, అక్కణ్ణుంచి అయిదు నిమిషాల్లో హాలూ, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి అరగంట దూరం. ఇన్ని ఉండగా కొండల్లోకి ఎందుకంటుంది.

నేను ఆఫీసులో కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తాను. లాయర్ని కాను గానీ కాంట్రాక్టులు చదవడం అలవాటు. అందుకని అక్క మూడు కాంట్రాక్టులు నా ఒళ్ళో పెట్టింది. "నువ్వే చదువమ్మా, ఆ చిన్న అక్షరాలు నాకు ఆనవు."

"అందరూ పెట్టే సంతకమేగా, పెట్టేస్తే పోలా," అన్నారు బావగారు, కాఫీ కోసం లేస్తూ.

మొదటిది ఎడిసన్ హాలుది. దీనికి మన పెళ్ళిళ్ళు తెలుసు. మండపం, హోమం, బరాత్ గుర్రం, అన్నిటికీ మాటలున్నాయి. కానీ డెకరేటర్లు వాళ్ళ జాబితాలోని ముగ్గురిలో ఒకరే అయి ఉండాలి, బయటివాళ్ళని తెచ్చుకుంటే అదనంగా కట్టాలి. వంట కూడా వాళ్ళదే. పులిహోర, గుత్తివంకాయ, పప్పుచారు వాళ్ళ మెనూలో లేవు. బయటనుంచి తెస్తే ప్లేటుకింత అని మళ్ళీ రుసుము. ఇలాంటి చోట ఒక మాట సరిగ్గా చూడాలి. "ప్రిఫర్డ్" అని రాస్తే వాళ్ళ సిఫారసు మాత్రమే. "ఎక్స్‌క్లూజివ్" అని రాస్తే ఇంకెవర్నీ రానివ్వరని అర్థం. సేల్స్ అమ్మాయి నోటితో మొదటి మాట చెబుతుంది, కాగితం మీద రెండోది ఉంటుంది.

ధర దగ్గర రెండు ప్లస్ గుర్తులు చూశారా? ఒకటి సర్వీసు చార్జీ, రెండోది పన్ను. న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం. ప్లేటు 100 డాలర్లు, సర్వీసు చార్జీ 22 శాతం అనుకుందాం. దానిమీద కూడా పన్ను పడితే ప్లేటు 130 దాటుతుంది. 300 మంది అతిథులకి ఆ ముప్పై ఎంతవుతుందో బావగారికి అక్కడికక్కడే లెక్కవేసి చూపించాను. కాఫీ చల్లారిపోయింది. ఆ సర్వీసు చార్జీ వడ్డించేవాళ్ళకి చేరుతుందో లేదో కూడా అడగాలి, లేకపోతే మళ్ళీ టిప్పు వేరు.

రెండోది ఆ ధాన్యపు కొట్టానిది. ఇదంతా ఇంకో రకం పెళ్ళిని మనసులో పెట్టుకుని రాసింది. సాయంత్రం అయిదింటికి ప్రమాణాలు, ఆరింటికి డ్రింకులు, రాత్రి పదింటికి పాటలు బంద్. లోపలికి రానిచ్చేది ఉదయం పదింటికి. మా ముహూర్తం 8 గంటల 14 నిమిషాలకి! మంట ఏ రూపంలోనూ వెలిగించరాదు. బియ్యం, పూలరేకులు, కాగితపు ముక్కలు, మెరుపుపొడి చల్లరాదు, చల్లితే శుభ్రం చేసే ఖర్చు డిపాజిట్‌లో కోస్తారు. అంటే హోమం లేదు, తలంబ్రాలు లేవు. "ఇంక పెళ్ళెక్కడుందే?" అంది అక్క.

అయితే ఇవన్నీ అన్యాయం అనలేం. నూరేళ్ళ చెక్క కొట్టంలో మంట వద్దనడం న్యాయమే, నేనైనా అదే రాస్తాను. అడగాల్సింది వేరే. ఫైర్ మార్షల్ అనుమతి తీసుకుంటే ఒప్పుకుంటారా, బయట పందిరి కింద చేసుకోవచ్చా, ఇసుక పళ్ళెంలో చిన్న కుండం పెట్టి పక్కన మంటలార్పే సిలిండర్‌తో మనిషిని నిలబెడితే సరేనా? బియ్యం సంగతీ అంతే. వాళ్ళ భయం పసుపు మరక, నేలమీద జారిపడే ముసలివాళ్ళు. ఈమధ్య తలంబ్రాల్లో కలుపుతున్న థర్మోకోల్ పూసలంటే నాకూ చిరాకే.

ఇవి అడగాలని నాకు తోచింది సొంత తెలివితో కాదు. ఆ కొట్టం గురించి ఒక తమిళ కుటుంబం రాసిన రివ్యూ చదివాను. హోమం పొగకి అలారం మోగి, మంత్రాల మధ్యలో అందరూ పట్టుచీరలతో బయటికి పరుగెత్తారట. తప్పు ఎవరిదో కూడా నిష్పక్షపాతంగా రాశారు. అలారం సంగతి ముందే మాట్లాడుకోమని సలహా ఇచ్చారు. మనదేశంలో అయితే హాలు గురించి పక్కింటి పిన్నిగారు చెబుతారు. ఇక్కడ ఆ పిన్నిగారి పని చేసేది ముక్కూమొహం తెలియని కుటుంబం రాసిపెట్టిన నాలుగు ముక్కలే.

ఈ మాట అనుకుంటూ మూడో కాంట్రాక్టు తీశాను. ఫోటోగ్రాఫర్‌ది, ఏడు పేజీలు. కాపీరైటు ఆయనదే అని ఉంది. అది మామూలే, రాసి ఇస్తే తప్ప ఇక్కడి చట్టం ప్రకారం ఫోటో హక్కు తీసినవారిదే. మన ఫోటోలు తన ప్రకటనల్లో వాడుకోవచ్చని ఉంది, అది కావాలంటే కొట్టేయించుకోవచ్చు. పెళ్ళిలో ఇంకెవరూ ఫోటోలు తీయరాదని ఉంది. మా పెద్దమ్మ చేతిలోంచి ఫోను లాక్కునేవాడు ఇంకా పుట్టలేదు. ఆరో పేజీలో, అక్షరాలు ఇంకా చిన్నవైనచోట, అసలు సంగతి ఉంది. కస్టమరుగానీ, కస్టమరు బంధువులుగానీ, అతిథులుగానీ తన సేవల గురించి ఎక్కడా ప్రతికూలంగా రాయరాదు, రాస్తే ఒక్కో రాతకి 1,000 డాలర్లు.

చదివి వినిపిస్తే అమ్మాయి నవ్వింది. "పిన్నీ, మూడొందల మంది నోళ్ళకి నేను జవాబుదారీనా?"

రైలు హడ్సన్‌లో ఆగింది. ఎర్రటి ఇటుకల పాత స్టేషను, అక్కణ్ణుంచి ఎగువకి సాగే వారెన్ స్ట్రీట్. సముద్రానికి ఇంత దూరంలో ఉన్నా దీన్ని కట్టింది తిమింగలాల వేటగాళ్ళు. నాన్‌టకెట్ దీవి నుంచి వచ్చి స్థిరపడ్డారు, 1785లో నగరంగా గుర్తింపు వచ్చింది. ఇప్పుడు వీధి పొడుగునా పాతవస్తువుల దుకాణాలే. మా అమ్మమ్మ పెరట్లో పడేసినలాంటి ఇత్తడి గంగాళానికి 400 డాలర్ల చీటీ చూసి అక్క అయిదు నిమిషాలు కదల్లేదు.

ఆ వీధిలో నడుస్తూ నేను చెప్పిన కథ ఈ ఊరిదే. 2014 ఆగస్టులో ఇక్కడి ఒక చిన్న హోటల్ నిబంధన వార్తల్లోకెక్కింది. పెళ్ళికి హోటల్ బుక్ చేసుకున్నవారి అతిథుల్లో ఎవరు చెడ్డ రివ్యూ రాసినా, ఒక్కోదానికి 500 డాలర్లు పెళ్ళివారి డిపాజిట్‌లోంచి కోస్తామని వెబ్‌సైటులోనే రాసుకున్నారు. గొడవయ్యాక అదంతా ఎప్పుడో సరదాకి రాసిందన్నారు. దేశం నలుమూలల నుంచీ, ఆ ఊరి మొహం చూడనివాళ్ళు కూడా, చెడ్డ రివ్యూలు కుమ్మరించారు. దాచాలనుకున్న మాటే దండోరా అయింది.

అదే ఏడాది కాలిఫోర్నియా ఇలాంటి షరతుల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 2016 డిసెంబరులో దేశమంతటికీ కన్స్యూమర్ రివ్యూ ఫెయిర్‌నెస్ యాక్ట్ వచ్చింది. ముందే అచ్చువేసి, బేరానికి తావు లేకుండా చేతికిచ్చే కాంట్రాక్టులో రివ్యూ రాయొద్దని షరతు పెట్టినా, రాస్తే జరిమానా అన్నా, రాసిన రివ్యూ మీద హక్కులు తమవే అన్నా అది చెల్లదు. సంతకం పెట్టినా చెల్లదు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు చర్య తీసుకోవచ్చు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఉంది, అన్యాయమైన షరతు వినియోగదారుని కట్టిపడేయదని అందులో ఉంది.

"చెల్లదుగా, మరి సంతకం పెడితే ఏం?" అన్నారు బావగారు. మంచి ప్రశ్నే. చెల్లదని మనకి తెలియాలిగా! డిపాజిట్ వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, పెళ్ళి ఆల్బం ఇంకా రానప్పుడు, తెలియని ఆడపిల్ల భయపడి నోరు మూసుకుంటుంది. ఆ షరతు పనిచేసేది కోర్టులో కాదు, ఆ భయంలో. అలా మూసుకున్న ప్రతి నోటికీ ఇంకో కుటుంబం అలారం సంగతి తెలియకుండానే హోమం వెలిగిస్తుంది.

అలాగని ఏదైనా రాసేయొచ్చని కాదు. డాలస్‌లో ఒక కొత్త జంట ఆల్బం అట్టకి అడిగిన 125 డాలర్ల దగ్గర తగువు పెట్టుకుని టీవీదాకా వెళ్ళారు. ఫోటోగ్రాఫర్ పరువునష్టం దావా వేస్తే, 2017లో జ్యూరీ ఆమెకి పది లక్షల డాలర్లపైన ఇవ్వాలంది. జరిగింది జరిగినట్టు రాయడం వేరు, మోసగత్తె అని ముద్ర వేయడం వేరు. కొత్త చట్టం అబద్ధాలకి అండ ఇవ్వదు.

మధ్యాహ్నం కొట్టం చూశాం. పైకప్పు దూలాల మధ్యనుంచి ఎండ పడుతోంటే అక్క కూడా కాసేపు ఏమీ అనలేదు. మేనేజరమ్మ ఓపికగా విని, తలంబ్రాలంటే ఏమిటో అమ్మాయిచేత రెండుసార్లు చెప్పించుకుంది. తెల్లగుడ్డ పరిచి దానిమీద పోసుకుంటే అభ్యంతరం లేదంది. హోమం బయట, ఫైర్ మార్షల్ కాగితం చూపిస్తేనే. పొద్దున్న ఆరింటికి తలుపు తీయడానికి రెండు గంటల అద్దె అదనం. పదింటికి పాటలు ఆపడం మాత్రం ఊరి నియమం, తను మార్చలేదు. "సరే, ఇవన్నీ కాంట్రాక్టుకి అనుబంధంగా రాసి ఇద్దరం సంతకాలు పెడదాం," అన్నాను. నోటిమాట చాలదా అన్నట్టు చూసింది గానీ రాసింది. పెళ్ళినాటికి ఆవిడ ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు కదా.

ఫోటోగ్రాఫర్‌కి స్టేషను బెంచీ మీంచే ఫోన్ చేశాం. పాపం కుర్రాడే. ఆరో పేజీ ఎవరి దగ్గరో తీసుకున్న నమూనాలోంచి వచ్చిందట, తనెప్పుడూ చదవలేదట. రాత్రికల్లా సవరించిన కాగితం పంపాడు. రివ్యూ షరతు తీసేశాడు, ప్రకటనల్లో వాడే ముందు మమ్మల్ని అడుగుతానని చేర్చాడు. ఇంకెవరూ ఫోటోలు తీయరాదన్న చోట "జీతానికి పెట్టుకున్న వేరే ఫోటోగ్రాఫర్లు" అని మార్చాడు. పెద్దమ్మకి ఫర్వాలేదు.

ఎడిసన్ హాలువాళ్ళు డెకరేటర్ దగ్గర ఇంకా దిగిరాలేదు. రిసెప్షన్ అయినా అక్కడే జరగాలని అక్క పట్టు. వచ్చే శనివారం మళ్ళీ మాట్లాడటానికి వెళ్తున్నాం. ఈసారి కాంట్రాక్టు బావగారే చదివి, ఎర్ర పెన్నుతో గీతలు గీసి పెట్టుకున్నారు.