మంచూరియా పుట్టింటికి...

పత్తి బేరాల మీదో, పిల్లల ఉద్యోగాల పుణ్యమా అనో గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకు ముంబయి ప్రయాణం కొత్తేం కాదు. గేట్‌వే చూసి, సిద్ధివినాయకుడికి దండం పెట్టుకున్నాక పిల్లల కోరిక ఒకటే... 'ఇక్కడైనా అసలైన చైనీస్ తిందాం!' చిక్కంతా అక్కడే. పేరున్నవేమో మూడు. ఉండేదేమో ఒక్క రాత్రి. దేనికెళ్లాలి?

గేట్‌వే ఎదురుగా తాజ్‌మహల్ ప్యాలెస్‌లో ఉంది గోల్డెన్ డ్రాగన్. 1973లో మొదలైంది. మనదేశానికి సిచువాన్ వంటను పరిచయం చేసింది ఇదేనని చెబుతారు. మన బళ్లమీద 'షెజ్వాన్' అని రాసుండేది ఆ ప్రాంతం పేరే. కారానికి చైనాలో పెట్టింది పేరది. కాకపోతే మన కారంలా గొంతు పట్టుకోదు. మిరియంలాంటి ఓ గింజ తోడై నాలుకను తిమ్మిరెక్కిస్తుంది.

అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే లింగ్స్ పెవిలియన్. చైనా మూలాలున్న కుటుంబం పెట్టిన హోటలు. చేపలు, పీతలు ఇష్టపడేవాళ్లు దీని పేరే ముందు చెబుతారు.

ఇక కెంప్స్ కార్నర్ దగ్గరి చైనా గార్డెన్. దీన్ని పెట్టిన నెల్సన్ వాంగ్ కోల్‌కతాలో పుట్టిన చైనీయుడు. 1975లో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వండుతుండగా, కొత్తగా ఏదైనా చేయమని ఎవరో అడిగారట. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరంమసాలా బదులు సోయాసాస్ పోసి, మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన కోడిముక్కల్ని అందులో వేశాడు. అదే చికెన్ మంచూరియా! అంటే మన సెంటర్లో సాయంత్రంపూట తినేది చైనాలో పుట్టనేలేదన్నమాట.

2025లో చిలకలూరిపేట దగ్గరి ఓ రైతు కుటుంబానికి ఈ చిక్కే వచ్చింది. ముంబయిలో కొలువు దొరికిన కూతురు మొదటి జీతం అందుకోగానే అమ్మానాన్నల్నీ తమ్ముణ్నీ నాయనమ్మనీ పిలిపించింది. 'తాజ్‌కే వెళ్దాం' అంటుంది తను. నాన్న లెక్కలేమో క్వింటాళ్లలో! ఆ ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అంత పెద్ద హోటల్లో ఐదుగురు తింటే క్వింటాలు కాయల డబ్బు చాలకపోవచ్చు. మందులు కొట్టి, కూలీలతో కోయించి, కల్లంలో ఆరబెట్టిన కాయల్ని ఒక్కపూటలో తినేయడమా?

'డబ్బులు నావి కదా నాన్నా' అంది కూతురు.

'నీ చదువుకు కట్టిందీ ఆ కాయల డబ్బేగా అమ్మా' అన్నాడాయన.

తగువు తీర్చింది నాయనమ్మ. ఆరోజు శనివారం. ఆవిడ నీచు ముట్టదు. చైనా వంటల్లో ఆవిడకు తెలిసిందల్లా మనవడు పేట నుంచి పొట్లం కట్టించుకొచ్చే గోబీ మంచూరియా ఒక్కటే. 'దాని పుట్టింటికే పోదాం పదండి' అంది. ఫోన్‌చేసి శాకాహారం సంగతి కనుక్కుని అందరూ చైనా గార్డెన్‌కే కదిలారు. మరి తాజ్? 'రేటు బాగున్న ఏడాది నేనే తీసుకెళ్తా' అని నాన్న మాటిచ్చాడు.

ఏది గొప్ప హోటలంటే ఎప్పటికీ తేలదు. వెంట వచ్చినవాళ్లలో ఎవరు ఏం తినరో, బిల్లు తలచుకుంటే ఎవరికి ముద్ద దిగదో చూసుకుంటే ఇట్టే తేలిపోతుంది.

ఇంకోమాట. మిరపకాయ చైనాదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటి రెండుచోట్లకూ చేరింది. ఇప్పుడు గుంటూరు యార్డులో కొన్న తేజ రకం కాయలు చైనాకు ఎగుమతవుతున్నాయి. కాబట్టి ఎంత పెద్ద చైనా హోటలైనా మనవాళ్లు మొహమాటపడక్కర్లేదు. 'కారం ఏమాత్రం ఉంటుంది?' అని దర్జాగా అడగొచ్చు!