నల్ల ఫిలిం

ఎండాకాలం మా సిరికొండలో కారెక్కితే పెనం మీద కూర్చున్నట్టే. అందుకే సెలవుల్లో మా పాత ఆల్టోకి నేనే సన్ ఫిలిం వేస్తానన్నా. వీడియోలు చూసి, అద్దం లోపలి వైపు షాంపూ నీళ్లు కొట్టి, ఫిలిం అతికించి, పాత ఏటీఎం కార్డుతో నీళ్లు బయటికి తోశా. మొదటి అద్దం నిండా బుడగలే. చిన్న దుమ్ము రేణువు చాలు, దాని చుట్టూ బుడగ లేస్తుంది. నాలుగోది మాత్రం బాగా కుదిరింది. ‘ఎమ్మెల్యే కారు లెక్కున్నది అన్నా’ అంది చెల్లి.

ఆ రాత్రి బాపు నిజామాబాద్ నుంచి లేటుగా వచ్చాడు. మలుపులో సైడ్ మిర్రర్ కనపడక అద్దం దించితే, పక్కనే లైటు లేని సైకిల్ ఉందట. అమ్మతో చెప్తుంటే విన్నా. నన్నేమీ తిట్టలేదు. అన్నం మాత్రం తినలేదు.

రూల్స్ అప్పుడు వెతికా (వేసే ముందు వెతకాల్సింది). ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు దాటాలి. 2012లో సుప్రీంకోర్టు అసలు ఫిలిం అతికించడమే వద్దంది. నేను కొన్నది ఎంత శాతమో కవర్ మీద కూడా చూడలేదు.

మర్నాడు అమ్మ హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి పీకా. వేయడానికి ఒక పూట పట్టింది, జిగురు గీకడానికి రెండు రోజులు. బాపు పక్కన నిలబడి నీళ్లు పోశాడు.

‘ఆ మూలకు ఇంకా ఉన్నది, సూడు’ అన్నాడు.