పంపర పనసకి ఉంగరం

పెరట్లో ఇంత పెద్ద చెట్టు పెట్టుకుని, వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపర పనసకాయ బజార్లో కొనుక్కొచ్చే ఇల్లాలు ఎవరైనా ఉంటారా అంటే, నేనున్నానండీ!

మాది ఉండి. భీమవరం నుంచి ఆకివీడు వెళ్ళే దారిలో వస్తుంది. చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. నల్ల బంకమట్టి, కాస్త తవ్వితే నీళ్ళు. ఆ పంపర పనస పాతికేళ్ళ కిందట మా అత్తయ్యగారు నాటినది. ఏటా మాఘ ఫాల్గుణాల్లో పెరడంతా పూల వాసనే. మురిసిపోయేలోపే పిందెలన్నీ నేలపాలు! రెండేళ్ళ కిందట మావారు విసిగిపోయి, "కొట్టించేసి షెడ్డు వేద్దాం" అన్నారు. మంచం పట్టిన అత్తయ్యగారు "నేను పోయాక కొట్టించు నాయనా" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఆ మాఘంలోనే పెళ్ళికని వెంకట్రామన్నగూడెం దగ్గర మా పిన్నిగారింటికి వెళ్ళాను. తాడేపల్లిగూడెం దాకా మన పల్లపు భూములే. ఊళ్ళో ఉల్లిపాయల బస్తాలు చూసుకుంటూ ఏలూరు కాలువ దాటి ముందుకెళితే నేల రంగే మారిపోతుంది. ఎర్రమట్టి, జీడిమామిడి, నిమ్మతోటలు. 2007లో పెట్టిన ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా అక్కడే.

పిన్ని కొడుక్కి నిమ్మతోట ఉంది. నా గోడు విని, "అక్కా, కొమ్మకి ఉంగరం తీసి చూడు" అన్నాడు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడులోంచి వేళ్ళకి దిగుతుందిట. నీళ్ళు మాత్రం లోపలి చెక్కలోంచి పైకెక్కుతాయి. కొమ్మ చుట్టూ సన్నగా బెరడు ఒలిస్తే నీళ్ళు ఎక్కుతూనే ఉంటాయి, ఆహారం మటుకు కొమ్మలోనే నిలిచి పిందెలకి అందుతుంది. కొన్ని వారాల్లో బెరడు మళ్ళీ అతుక్కుంటుంది. స్పెయిన్‌లో కమలా జాతి తోటలకీ, వియత్నాంలో పంపర పనసకీ రైతులు ఇలా చేస్తారు.

"అయితే ముందు పాదులో నీళ్ళు నిలవకుండా చూడు. వేళ్ళు కుళ్ళుతుంటే ఉంగరం ఏం చేస్తుంది?" అని కూడా అన్నాడు.

ఇంటికి రాగానే మావారి చేత చెట్టు చుట్టూ మట్టి ఎగదోయించి, నీళ్ళు పోవడానికి చిన్న బోదె తీయించాను. పూరేకులు రాలే రోజుల్లో, బొటనవేలంత లావున్న కొమ్మ ఒకటి ఎంచుకున్నాను. చాకుని స్పిరిట్‌తో తుడిచి, అరచెయ్యంత ఎడం కాదండోయ్, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున బెరడు ఒలిచాను. చెక్కకి గాటు పడనివ్వలేదు. గాయానికి బోర్డో పేస్టు రాశాను. పక్క కొమ్మ జోలికి పోలేదు.

ఆ చవితికి ఉంగరం కొమ్మకి ఏడు కాయలు, పక్క కొమ్మకి రెండు! ఒక కాయ తెచ్చి అత్తయ్యగారి ఒళ్ళో పెడితే, చాలాసేపు చేతుల్లోంచి దించలేదు. షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు మావారు.

ఇక్కడితో ఆగితే బాగుండును. మర్నాటి ఏడు ఆశ పుట్టి మూడు కొమ్మలకి ఉంగరాలు తీశాను. ఒకదానికి చెయ్యి తిరగక చెక్క దాకా కోసేశాను. ఆ కొమ్మ ఎండిపోయింది. అత్తయ్యగారు కిటికీలోంచి చూసి, "ఉంగరం పెట్టమంటే వేలు కోశావేమే" అన్నారు. తిట్టలేదు గానీ, తిట్టినా బాగుండేది.

కాబట్టి అమ్మలూ, మీ పెరట్లో పూసి కాయని నిమ్మో పంపర పనసో ఉంటే, ముందు వేళ్ళ సంగతి చూడండి. లేత చెట్టుకీ, నీరసించిన చెట్టుకీ, బంక కారే చెట్టుకీ ఉంగరం వద్దు. అన్ని కొమ్మలకీ ఒకేసారి తీస్తే వేళ్ళు ఆకలితో మాడతాయి. ఒక్క కొమ్మతో మొదలుపెట్టండి. గొడ్డలి ఎప్పుడూ ఉండేదేగా!